రెండు పేర్ల మనుషులు

"మతం మార్చుకున్నవాడికి మళ్లీ కులమెందుకండీ?" అని ఒక మిత్రుడు అడిగాడు. ఆయన దుర్మార్గుడేమీ కాడు. బాగా చదువుకున్నవాడు, పద్యం రుచి తెలిసినవాడు, జాషువా పేరెత్తితే కళ్లు చెమర్చేవాడు. "క్రీస్తు కావాలనుకుంటే క్రీస్తునే ఉంచుకొమ్మనండి, రిజర్వేషను కావాలనుకుంటే దాన్నే ఉంచుకొమ్మనండి. ఆదివారం ఒక పేరు, సోమవారం ఒక పేరు! ఇది మోసం కాక మరేమిటి?" అన్నది ఆయన వాదం.

సరిగ్గా ఆ నెలలోనే మా ఊరి మందిరంలో ఇదే మాట మరో గొంతున విన్నాను. బయటి ఊరినుంచి వచ్చిన ప్రసంగీకులు, హతసాక్షుల గురించి గంటసేపు ఉద్రేకంగా చెప్పి, చివరకు ముందు వరుసల్లో కూర్చున్నవారి వైపు వేలు చూపించారు. యూదా ముప్ఫై వెండి నాణాలకు ప్రభువును అమ్మాడట, మీరు పిల్లవాడి స్కాలర్‌షిప్పుకు అమ్మారు అన్నారు. పల్లెనుంచి వచ్చిన ఆడవాళ్లందరూ తలలు వంచుకున్నారు. మూడో వరుసలో మా పిన్ని ఉంది.

ఒకరు దేశభక్తి వైపునుంచి, ఒకరు దైవభక్తి వైపునుంచి వచ్చి ఒకే మనిషిని రాయి పుచ్చుకుని కొట్టడం నాకు చిత్రంగా తోచింది. ఇద్దరికీ కలిపి ఒకే జవాబు రాద్దామని కూర్చున్నాను.

ముందు మా పిన్ని సంగతి. ఆమె పురపాలక సంఘంలో వీధులు ఊడుస్తుంది. మందిరపు రిజిస్టరులో ఆమెది బైబిలు పేరు, రేషను కార్డులో వాళ్ల నాయనమ్మ పేరు. తెల్లవారుజామున నాలుగు గంటలకు చీపురు పట్టుకుని వీధిలోకి వెళ్లేటప్పుడు ఆమెను నీ మతమేమిటని ఎవరూ అడగలేదు. ఆ పనికి కులమొక్కటే చాలు. పిల్లవాణ్ణి హాస్టల్లో చేర్చేటప్పుడు మాత్రం మతం కావలసి వచ్చింది. కుల ధృవీకరణ విచారణకు కచేరీనుంచి మనిషి వస్తున్నాడని తెలిస్తే పల్లెలో జరిగే హడావిడి చూసినవారికే తెలుస్తుంది. గోడమీది క్యాలెండరు తిరగబడుతుంది. సిలువ గుర్తున్న కాఫీ కప్పులు గంపకిందికి పోతాయి. ఆరేళ్ల పిల్లవాడొకడు, "ఏసయ్యను ఎందుకు గోడకు తిప్పారు?" అని అడిగితే వాణ్ణి వీపున చరిచి బయటికి పంపటం నేను కళ్లారా చూశాను. ఆ చరిచినవారిలో మా పిన్ని కూడా ఉంది. ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు.

దీన్ని మోసమంటారా, అనండి. కాని మోసం చేసేవాడు సాధారణంగా సుఖపడతాడు గదా!

ఇక మిత్రుని మాటకు వద్దాం. వీళ్ల తాతలు గోధుమ నూకకూ పాలపొడికీ మతం మారారన్నది ఆయన అనకుండా అన్న మాట. దీనికి జవాబు ఒంగోలు చరిత్రలో ఉంది. ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ, తాళ్లకొండపాడు గ్రామస్థుడు, తోళ్ల వ్యాపారి. అంతకుముందే యోగ సాధకుల వెంట తిరిగి దేవుణ్ణి వెతుక్కున్నవాడు. 1866లో బాప్తిస్మం పొందాడు. ఆ ఏడాదే జాన్ క్లౌ అనే అమెరికా బాప్తిస్టు మిషనరీ ఒంగోలులో కాపురం పెట్టాడు. పేరయ్య వెనుక మాదిగ పల్లెలు కదిలాయి. వచ్చినవారికి నేర్పిన నియమాలు వినటానికి చాలా చిన్నవి: ఆదివారం పనిచెయ్యరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు.

ఆ మూడింటినీ మాదిగవాడు ఊళ్లో నిలబడి పాటించటమంటే ఏమిటో కాస్త ఊహించండి. ఆదివారం పనికి రానంటే ఆసామికి కోపం. చచ్చిన గొడ్డును తిననంటే తరతరాల కట్టుబాటు తెగినట్లే. జాతరలో డప్పు కొట్టనంటే ఊరికంతటికీ అరిష్టమే. కరణం, మునసబు కలిశారు. బావినుంచి నీళ్లు బందు. చాకలివారు బట్టలు ఉతకరాదు, కుమ్మరివారు కుండలు అమ్మరాదు. పశువులను ఊరి బీడులోకి రానివ్వలేదు. చెప్పులు కుట్టే పని, మోకులు పేనే పని లేకుండా చేశారు. కళ్లంలో మాదిగవానికి రావలసిన గింజలు రాలేదు. కొట్టారు, తప్పుడు కేసులు పెట్టారు. క్లౌగారి అనుభవాలను ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ పుస్తకాలుగా రాసింది; కావలసినవారు వెతుక్కుని చదువుకోవచ్చు. బియ్యం కోసం వచ్చినవాడైతే కళ్లంలో గింజలు ఆగిపోయిన మర్నాడే డప్పు భుజాన వేసుకునేవాడు. వేసుకున్నవారు కొందరు లేకపోలేదు. నిలబడ్డవారు నిలబడ్డారు.

తరువాత 1876-78 కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల ముక్కను కంట్రాక్టుకు తీసుకుని, ఆకలికి చచ్చేవారిని పనిలో పెట్టుకున్నాడు. బాప్తిస్మం కోసం గుంపులు గుంపులుగా వచ్చారు. ఆయన ఏంచేశాడు? కరువున్నంత కాలం, ఏడాదికి పైగా, ఒక్కరికీ ఇవ్వలేదు. తిండికోసం వచ్చారన్న మాట పడకూడదని. కరువు తగ్గింది, కూలిపని అయిపోయింది, పంచటానికి డబ్బూ లేదు. వచ్చినవారిని ఇళ్లకు పొమ్మన్నాడు. పోలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మంది నీళ్లలోకి దిగారు. మిషనరీల లెక్కలను అనుమానించటం నాకూ అలవాటే. సంఖ్యను కాసేపు పక్కన పెట్టండి, ఆ వరుస చూడండి: కూడు ఉన్నప్పుడు బాప్తిస్మం లేదు, కూడు అయిపోయాక బాప్తిస్మం.

అంతదాకా ఎందుకు? లాభం కోసమే మతమైతే, ఆ లాభం ఇవాళ ఎటువైపు ఉంది? 1950 ఆగస్టు 10న వెలువడిన రాజ్యాంగ (షెడ్యూల్డు కులాల) ఉత్తర్వు మూడో పేరా ప్రకారం, హిందూ మతం కాక మరే మతాన్ని అనుసరించేవాడూ షెడ్యూల్డు కులస్థుడు కాడు. 1956లో సిక్కులను చేర్చారు, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులూ ముస్లిములూ బయటనే ఉన్నారు. అంటే ఏడున్నర దశాబ్దాలుగా ఈ రాజ్యం మాలకూ మాదిగకూ, "క్రీస్తును వదలండి, సీటిస్తాం, ఉద్యోగమిస్తాం, చట్టం రక్షణ ఇస్తాం" అని చెబుతూనే ఉంది. వెనక్కు వచ్చినవాణ్ణి తన కులంవారు కలుపుకుంటే పాత కులం తిరిగి వస్తుందని సుప్రీంకోర్టు 2015లో కూడా చెప్పింది. తలుపు బార్లా తీసే ఉంది. అయినా మా పల్లెల్లో మందిరాలు ఆదివారం పూట ఖాళీగా లేవు. ఆశకు మతం మారేవాళ్లని ఎవరిని అన్నారో వాళ్లే ఇంత పెద్ద ఆశను వారం వారం కాలితో తన్నేసి వస్తున్నారు. కాగితం మీద ఒప్పుకుని, మనసులో ఒప్పుకోకుండా.

ఈ నిషేధం పుట్టుక మరీ విచిత్రం. 1936లో బ్రిటిషు ప్రభుత్వం చేసిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వులోనే, భారతీయ క్రైస్తవుడెవడూ షెడ్యూల్డు కులస్థుడు కాడని రాశారు. రాసినవారు క్రైస్తవ ప్రభువులే! ఆనాడు క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఉండేవి, ఒక మనిషిని రెండు చోట్ల లెక్కించకూడదన్న సాకన్నా ఉండేది. 1950 నాటికి ఆ నియోజకవర్గాలు పోయాయి, నిషేధం మాత్రం మిగిలింది. తెల్లవాడి చట్టాలన్నింటినీ తిట్టే నా మిత్రుడు ఈ ఒక్కదాన్నీ ఎంత ప్రేమగా దాచుకున్నాడో!

బాప్తిస్మంతో కులం పోతుంది గదా అంటారు. ఎవరికి పోయింది? రెడ్డి కతోలికుడికి రెడ్డితనం పోలేదు, కమ్మ కతోలికుడికి కమ్మతనం పోలేదు; పెళ్లి ప్రకటనలు చూడండి. గిరిజనుడు క్రైస్తవుడైతే షెడ్యూల్డు తెగలోనే ఉంటాడు, చట్టమే ఒప్పుకుంటుంది. కులం నీళ్లలో కరిగిపోయేది మాలమాదిగలకేనట, అదీ తాసీల్దారు కచేరీలో మాత్రమే. మన రాష్ట్రంలో వీళ్లను బి.సి. - సి అనే గుంపులో వేసి ఒక్క శాతం ఇచ్చారు. ఆ గుంపు పేరే "షెడ్యూల్డు కులాలనుంచి క్రైస్తవంలోకి మారినవారు, వారి సంతానం". సంతానానికి కూడా ఆ కులమే చెబుతూ, కులం పోయిందనటం ఏ తర్కమో నాకు బోధపడలేదు.

1985 జూలై 17న కారంచేడులో గొడ్డళ్లతో వచ్చినవారు, 1991 ఆగస్టు 6న చుండూరులో పొలాల్లో తరిమినవారు బాప్తిస్మపు కాగితం చూపించమని ఎవరినీ అడగలేదు. జాషువాను అవమానించినవారు ఆయన క్రైస్తవుడా కాడా అని తేల్చుకుని అవమానించలేదు. "క్రీస్తు చరిత్ర"కు 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చిన కవి, "గబ్బిలం" రాసిన కవి ఒక్కడే. ఆ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టుకుని మురిసిపోయే నా మిత్రుడికి, ఆ రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చునన్న సంగతి కాగితం మీదకు వచ్చేసరికి మోసంగా కనిపిస్తోంది.

కారంచేడు జరిగిన అదే 1985లో సుప్రీంకోర్టు ఒక చెప్పులు కుట్టే అతని గొడవ తేల్చింది. పేరు సూసై. మద్రాసు వీధి పక్కన కూర్చుని చెప్పులు కుట్టేవాడు. ప్రభుత్వం అటువంటివారికి ఉచితంగా బంకులు ఇచ్చింది. పక్కన కూర్చుని అదే పని చేసే హిందువులకు వచ్చింది, అతనికి రాలేదు, క్రైస్తవుడు కాబట్టి. న్యాయస్థానం అన్నదేమిటంటే, మారాక కూడా కులం ఉందని చూపిస్తే చాలదు, కొత్త మతంలో కూడా ఆ అణచివేత అంతే తీవ్రంగా ఉందని రుజువు చెయ్యాలి; ఆ రుజువు మా ముందు లేదు. ఎండలో కూర్చున్న ఆ మనిషి కంటె రుజువేం కావాలని నాకు అనిపిస్తుంది గాని, న్యాయమూర్తులను తప్పుపట్టే ముందు మా ఇల్లు చూసుకోవాలి. ఆ రుజువు లేకుండా చేసింది ఎవరు? క్రైస్తవంలో కులం లేదని దేశదేశాలా చెప్పుకు తిరిగిన మా సంఘపెద్దలే. మాలల చర్చి, మాదిగల చర్చి అని వీధి వీధినా విడివిడిగా కట్టుకుని, శ్మశానాల్లో గోడలు పెట్టుకుని, పీఠాధిపతి ఎన్నికొస్తే కులాల లెక్కలు వేసుకుని, బయటివారి ముందు మాత్రం అందరమూ క్రీస్తునందు ఒక్కటే అన్నవారు. ఆ అబద్ధానికి ఏ ప్రసంగీకుడూ యూదా పేరు పెట్టలేదు. అది పెద్దల అబద్ధం, దానికి స్కాలర్‌షిప్పు అక్కర్లేదు.

తరువాతి తీర్పులు మరింత కఠినం. 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ విషయంలో, విశ్వాసం లేకుండా రిజర్వేషను కోసమే హిందువునని చెప్పుకోవటం రాజ్యాంగాన్ని వంచించటమేనని సుప్రీంకోర్టు అన్నది. 2025లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, తనను కులం పేరుతో దూషించి కొట్టారని కేసు పెట్టిన ఒక పాస్టరు అట్రాసిటీల చట్టం కింద రక్షణ కోరలేడనీ, ధృవపత్రం రద్దుకానంత మాత్రాన ఆ రక్షణ రాదనీ తేల్చింది. చట్టం రాసినట్టే చదివారు, సరే. తిట్టినవాడు ఏ మాట వాడాడని ఆరోపణ? కులం పేరు. తిట్టుకు కులం ఉంది, తిట్టు తిన్నవాడికి లేదు! రంగనాథ్ మిశ్రా సంఘం 2007లోనే షెడ్యూల్డు కులానికీ మతానికీ ముడి విప్పమంది. మన శాసనసభ 2009లో ఒకసారి, 2023లో మరొకసారి తీర్మానం చేసి పంపింది. 2022లో బాలకృష్ణన్ సంఘాన్ని వేశారు. సంఘాలు వెయ్యటంలో మనవాళ్లకు లోటు లేదు.

ఇప్పుడు ప్రసంగీకుల వైపు తిరుగుతాను. ఇది నాకు ఎక్కువ నొప్పి. ఎందుకంటే ఆయన అడిగిన ప్రశ్న అబద్ధం కాదు. మతం అన్న గడిలో "హిందూ" అని రాయటం బొంకటమా, కాదా? మనుషుల ఎదుట తన్ను ఎరుగమన్నవారి గురించి క్రీస్తు ఏమన్నాడో నాకూ తెలుసు. పేతురు చలిమంట దగ్గర మూడుసార్లు బొంకిన కథ మా పిన్నికి నాకంటె బాగా తెలుసు, ఆ వచనాలు వచ్చినప్పుడల్లా ఆమె గొంతు పూడుకుపోతుంది.

అయితే ఈ చిక్కు మా పల్లెలో పుట్టింది కాదు. క్రీ.శ. 250లో రోము చక్రవర్తి డీసియస్, ప్రజలందరూ దేవతలకు బలి అర్పించి అధికారుల దగ్గర ధృవపత్రం తీసుకోవాలని ఆజ్ఞ వేశాడు. పేరు, ఊరు, బలి ఇచ్చినట్టు సాక్ష్యం, అధికారి సంతకం. ఈజిప్టు ఇసుకలో అటువంటి పత్రాలు నలభైకి పైగా దొరికాయి. కొందరు క్రైస్తవులు బలి ఇవ్వక చచ్చిపోయారు. కొందరు బలి ఇచ్చారు. మరికొందరు బలి ఇవ్వకుండానే లంచమిచ్చి పత్రం మాత్రం తెచ్చుకున్నారు. సరిగ్గా 1,700 ఏళ్ల తరువాత మన ఉత్తర్వు వచ్చింది, మళ్లీ పత్రమే.

హింస తగ్గాక ఆ పత్రాలవారిని ఏంచెయ్యాలన్న తగవు వచ్చింది. రోములో నోవేషియన్ అనే పెద్దమనిషి, సంఘానికి ఇక వాళ్లను క్షమించే అధికారం లేదన్నాడు. కార్తేజి బిషప్పు సిప్రియన్ అంత తేలిగ్గా తేల్చలేదు. 251లో అక్కడి సభ, బలి ఇచ్చినవారినీ పత్రం మాత్రమే కొన్నవారినీ ఒక గాటన కట్టరాదనీ, ఒక్కొక్కరి సంగతి విడిగా విచారించాలనీ నిర్ణయించింది. ఎవరు భయంతో పరుగెత్తారు, ఎవరు భార్యాబిడ్డలను కాపాడుకోవటానికి చేశారు - అవన్నీ చూడాలన్నారు. సిప్రియన్ మొదటి హింసలో తానే దాక్కున్నవాడు. ఆ సిగ్గు తెలిసినవాడు కాబట్టి కాబోలు, ఆ మాట అనగలిగాడు. 258లో మళ్లీ హింస వచ్చినప్పుడు దాక్కోలేదు, తల ఇచ్చాడు. వేలు చూపించిన ప్రసంగీకులకు ఈ ఇద్దరిలో ఎవరి పోలిక ఉందో వారే చూసుకోవాలి.

బైబిలులోనే నయమాను ఉన్నాడు. కుష్ఠు నయమైన సిరియా సేనాపతి, ఇక యెహోవాకు తప్ప మొక్కనన్నాడు, వెంటనే ఒక్క మినహాయింపు అడిగాడు: మా రాజు రిమ్మోను గుడిలో నా చేతిమీద ఆనుకుని వంగినప్పుడు నేనూ వంగవలసి వస్తుంది, దాన్ని క్షమించాలి. ఎలీషా ప్రవక్త వాదించలేదు, శాంతితో వెళ్లమన్నాడు. సేనాపతికి దొరికిన ఆ మాట వీధులు ఊడ్చే మనిషికి ఎందుకు దొరకదు?

అలాగని రెండు పేర్లూ నిష్కళంకమని నేననను. క్యాలెండరు తిప్పిన ఇంట్లో పెరిగిన పిల్లవాడికి దేవుడంటే దాచవలసినదన్న చదువు అబ్బుతుంది. తన్నులు తిన్నవాడు తన్నులు తిన్నానని గట్టిగా చెప్పలేడు, ఎవరో రిజిస్టరు తెరుస్తారన్న భయంతో. జనాభా లెక్కల్లో మేము ఎందరమో మాకే తెలియదు. ఇవన్నీ నష్టాలే, విశ్వాసానికి పడ్డ గాయాలే.

మా నాన్నగారు "క్రైస్తవుడు" అనే రాశారు. ఆ గడి దగ్గర గుమాస్తా కలం ఆపి, "మరోసారి ఆలోచించుకోవయ్యా, హిందూ అని వేస్తాను" అన్నాడట, మంచివాడే. వద్దన్నారు. తోటివాళ్లు ఉపాధ్యాయులయ్యారు, ఇళ్లు కట్టుకున్నారు. ఆయన ఒక ప్రైవేటు బడిలో, నెల జీతం ఏ తేదీన వస్తుందో తెలియని బడిలో, ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పారు. ఆయనను నేను గౌరవించినంతగా మరెవరినీ గౌరవించలేదు. కాని ఆయన చేతికర్ర తీసుకుని మా పిన్నిని కొట్టనివ్వను. ఆయన కూడా ఎన్నడూ కొట్టలేదు. పిన్ని కొడుకు ఫీజుకు తక్కువపడితే ట్యూషను డబ్బులు ఇచ్చింది ఆయనే. ఇంకొక సంగతి: మా అమ్మ ఆ "క్రైస్తవుడు" అన్న ఒక్క మాటకు జీవితమంతా మిషను కుట్టింది. ఆమెను ఆ గుమాస్తా అడగలేదు, నాన్నగారూ అడగలేదు. హతసాక్షుల కథల్లో ఈ మిషను చప్పుడు వినిపించదు.

కాబట్టి మిత్రమా, నిజాయితీ కావాలంటే ఆ మూడో పేరా తీసెయ్యమని నాతోపాటు అడగండి. మర్నాడే మా పల్లెలో క్యాలెండర్లన్నీ ఇటు తిరుగుతాయి. అయ్యగారూ, నిజాయితీ కావాలంటే ముందు మన శ్మశానం గోడ పడగొట్టించండి, ఆ తరువాత మూడో వరుస వైపు వేలు చూపించండి.

మొన్న పిన్ని మనవణ్ణి వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. వాడు పదో తరగతిలో 540 మార్కులు తెచ్చుకున్నాడు. కాలేజీ దరఖాస్తు నింపాలి. పేరు, తండ్రి పేరు, పుట్టినతేదీ రాశాను. మతం గడి వచ్చింది. పిన్ని కిటికీలోంచి బయటికి చూస్తూ, "నువ్వు చదువుకున్నోడివి, నీకేది న్యాయమనిపిస్తే అది రాయి నాయనా" అంది. వాడు నా కలం వైపే చూస్తున్నాడు. రాసి ఇచ్చాను. ఏమి రాశానో ఇక్కడ చెప్పను. చదివేవారిలో కచేరీవారు కూడా ఉండవచ్చు.